రైఫిల్ బ్రాస్‌ని ఏరి సిద్ధం చేయడం: వరుస తప్పకుండా పూర్తి పద్ధతి

హ్యాండ్‌లోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) మొదలుపెట్టి కొన్నాళ్లయిన వాళ్ల దగ్గర నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే. బుల్లెట్ మంచిదే, పౌడర్ జాగ్రత్తగా తూస్తున్నాం, అయినా గ్రూప్‌లో (ఒకే గురికి వరుసగా కాల్చిన దెబ్బల్లో) ఒకటో రెండో ఎందుకు పక్కకు పోతున్నాయి? బ్రాస్‌ని, అంటే తూటా ఇత్తడి కేస్‌ని, సరిగ్గా సిద్ధం చేయడం ఎలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కేస్‌లను త్రాసు మీద పెట్టి బరువుల వారీగా వేరుచేసి ఉంటారు. తూకం దాదాపు చివర చేయాల్సిన పని. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి), ఒకే సంఖ్యలో ఫైరింగ్‌లు, ఒకే షోల్డర్ (కేస్ సన్నబడే వాలు) కొలత, ఒకే నెక్ (బుల్లెట్‌ని పట్టే మెడ) పట్టు: ఈ నాలుగూ కుదరకముందు బరువు చూసి లాభం లేదు. పైగా వరుస మారితే ముందు చేసిన పనిని తర్వాతి పని పాడుచేస్తుంది. అందుకే ఇక్కడ ఏ పని ఎప్పుడు చేయాలన్న దానికే ఎక్కువ చోటిచ్చాను.

ఇందులో వాడిన కొలత ‘థౌ’ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే సుమారు 0.025 మి.మీ. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము.

ఒక మాట ముందే. తూటాలు సొంతంగా నింపుకోవడానికి మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందా, ఏ లైసెన్స్ కావాలి అన్నది తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. ఇక్కడున్నదంతా ఖాళీ కేస్ పని మాత్రమే. పౌడర్ ఎంత వేయాలన్నది ప్రచురిత లోడింగ్ మాన్యువల్ చూసే నిర్ణయించుకోవాలి.

## 1. బల్ల మీద ఏముండాలి

అన్నీ ఒక్కసారే కొనక్కర్లేదు. కానీ కొలిచే సాధనాల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కొలవలేని దాన్ని సరిచేయలేరు.

తప్పనిసరి:
- 1 థౌ నమ్మకంగా చూపించే క్యాలిపర్
- షోల్డర్ కొలిచే కంపారేటర్ (క్యాలిపర్‌కు బిగించేది)
- ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై (కాల్చినప్పుడు సాగిన కేస్‌ని నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు), ప్రెస్, సరైన షెల్ హోల్డర్ (ప్రెస్‌లో కేస్ అడుగును పట్టుకునేది)
- కేస్ ట్రిమ్మర్, లోపలి అంచుకీ బయటి అంచుకీ చాంఫర్ టూల్ (అంచును వాలుగా కోసేది)
- కేస్ లూబ్
- చిన్న టార్చి, కొన వంచిన సన్నటి గట్టి తీగ
- లేబుల్ అంటించగల డబ్బాలు, ఒక నోటుబుక్

తర్వాత కొనుక్కోవచ్చు:
- నెక్ గోడ మందం కొలిచే బాల్ మైక్రోమీటర్
- బుషింగ్ డై (నెక్‌ని ఎంత నొక్కాలో మార్చుకోగల రింగ్ ఉన్న సైజింగ్ డై) లేదా మాండ్రెల్ (నెక్‌లోకి దించి లోపలి వ్యాసం కుదిర్చే కడ్డీ)
- ప్రైమర్ (పౌడర్‌ని మండించేది) కూర్చునే గుంటను సమం చేసే ప్రైమర్ పాకెట్ యూనిఫార్మర్, దాని మంట పౌడర్‌కి వెళ్లే రంధ్రంలో ముల్లు తీసే ఫ్లాష్ హోల్ డీబర్ టూల్
- 0.1 గ్రెయిన్ వరకు చూపించే త్రాసు

వాడిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. అందుకే ఈ పని చేసే గదిలో తిండి, టీ వద్దు. పొడి మీడియాతో టంబ్లింగ్ (కేస్‌లను డబ్బాలో తిప్పి శుభ్రం చేయడం) చేసేటప్పుడు మూత తీయకండి, గాలి ఆడే చోట పెట్టండి. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లలు తిరిగే చోట అసలు వద్దు.

## 2. మొదటి వేరుచేత: హెడ్‌స్టాంప్, లాట్, ఎన్నిసార్లు కాల్చారు

కేస్ అడుగున చెక్కిన గుర్తు చూసి కంపెనీల వారీగా వేరుచేయండి. ఇది అచ్చంగా యాక్యురసీ కోసం మాత్రమే కాదు, భద్రత కోసం కూడా. బయటి కొలతలు ఒకటే అయినా గోడ మందం కంపెనీని బట్టి మారుతుంది. మందమైన కేస్‌లో లోపలి చోటు తక్కువ. పలచటి కేస్‌లో సరిపోయిన పౌడర్ అదే తూకంలో మందమైన కేస్‌లో వేస్తే ప్రెషర్ పెరుగుతుంది. సైనిక అవసరాలకు చేసిన 7.62 కేస్‌లు చాలావరకు మామూలు .308 విన్‌చెస్టర్ కేస్‌ల కంటే మందంగా, బరువుగా ఉంటాయి. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకండి. లోడ్ వర్కప్ (పౌడర్ తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచి చూడటం) చేసిన బ్రాస్ మారితే పౌడర్ తగ్గించి మళ్లీ మొదటి నుంచి రావాలి.

ఒకే కంపెనీలో కూడా లాట్‌లు వేరుగా ఉంచండి. హెడ్‌స్టాంప్ ఒకటే అయినా రెండేళ్ల తేడాతో కొన్న డబ్బాలను వేర్వేరు బ్రాస్‌గానే లెక్కపెట్టడం మేలు.

ఎన్నిసార్లు కాల్చారన్నది చాలామంది వదిలేసే విషయం. కాల్చిన ప్రతిసారీ, సైజింగ్ చేసిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిన ఇత్తడి డైలోంచి బయటకొచ్చాక కాస్త వెనక్కి సాగుతుంది. రెండుసార్లు కాల్చిన కేస్‌లనూ ఏడుసార్లు కాల్చిన కేస్‌లనూ ఒకే డై సెట్టింగ్‌లో పెడితే షోల్డర్ ఒకచోటికి రాదు, నెక్ ఒకే పట్టు పట్టదు. వేర్వేరు సంఖ్యల కేస్‌లు కలిసిపోయి ఉంటే వాటిని ప్రాక్టీసుకు వాడుకోండి. గ్రూప్‌లు చూసుకునే పనికి ఒకే లాట్‌లో 50 లేదా 100 కేస్‌లు వేరే పెట్టుకుని, వాటిని ఎప్పుడూ కలిసే కాల్చి కలిసే సిద్ధం చేయండి.

రేంజ్‌లో ఏరుకొచ్చిన బ్రాస్ అయితే ఇంకో రెండు చూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది స్టీల్ కేస్, తీసేయండి. టార్చి వేసి లోపల చూడండి. మధ్యలో ఒక్క రంధ్రం కనిపిస్తే బాక్సర్ ప్రైమర్ రకం, పనికొస్తుంది. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే బెర్డాన్ రకం. దాన్ని డైలో పెడితే డీక్యాపింగ్ పిన్ (వాడిన ప్రైమర్‌ని బయటికి తోసే సూది) విరుగుతుంది.

## 3. ఏరివేత: ఏది ఉంచాలి, ఏది పారేయాలి

పగుళ్లు, సొట్టలు వెలుతురులో కంటికే తెలుస్తాయి. నెక్ మీద నిలువు చీలిక, ప్రైమర్ చుట్టూ గ్యాస్ కారిన నల్లటి మసి, హెడ్ (కేస్ అడుగు) మీద లోతైన ఎజెక్టర్ (కేస్‌ని బయటికి తోసే రైఫిల్ భాగం) గుర్తు: వీటిలో ఏది ఉన్నా ఆ కేస్‌ని పక్కన పెట్టేయండి. నోటి దగ్గర చిన్న సొట్ట మాత్రం సైజింగ్‌లో సరైపోతుంది.

కంటికి కనిపించనిది లోపల మొదలయ్యే చీలిక. కేస్ సాగే కొద్దీ హెడ్‌కు కొద్దిగా పైన, గోడ పలచబడటం మొదలయ్యే చోట లోపలి వైపు చుట్టూ గాడి పడుతుంది. అది ముదిరితే కాల్చినప్పుడు కేస్ రెండు ముక్కలవుతుంది. వేడి గ్యాస్ వెనక్కి వస్తుంది.

దీనికి ఆ వంచిన తీగే సాధనం. గట్టి తీగ కొనను రెండు మి.మీ. మేర లంబంగా వంచి, ఆ కొనను కాస్త పదునుగా రాయండి. కేస్ అడుగు దాకా దించి, కొనను గోడకు ఆనించి, మెల్లగా పైకి లాగండి. మంచి కేస్‌లో తీగ మందమైన చోటు నుంచి పలచటి చోటికి నున్నగా జారుకుంటూ వస్తుంది. గాడి ఉంటే అక్కడ కొన టక్కున తగిలి ఆగుతుంది. కేస్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు వైపులా లాగి చూడండి. ఒక వైపు మాత్రమే తగిలినా పారేయాల్సిందే.

బయట అదే చోట మెరిసే గీత కనిపించినంత మాత్రాన భయపడకండి. సైజింగ్ డై అంచు ఆగిన చోట కూడా అలాంటి గీతే పడుతుంది. తేల్చేది లోపలి తీగే.

పారేసే కేస్‌ని ప్లయర్‌తో నొక్కి వంకర చేసి మరీ తుక్కు డబ్బాలో వేయండి. మామూలుగా పడేస్తే ఎప్పుడో మళ్లీ మంచి వాటిలో కలుస్తుంది.

## 4. డీక్యాపింగ్, శుభ్రం, మొదటి కొలత

ముందు ప్రైమర్ తీసేయండి. దీనికి సైజింగ్ చేయని యూనివర్సల్ డీక్యాపింగ్ డై మంచిది. మురికి కేస్‌ని సైజింగ్ డైలోకి తోస్తే ఇసుక రేణువు ఒక్కటి చాలు, డై లోపల గీటు పడుతుంది. ఆ గీటు తర్వాత ప్రతి కేస్ మీదా కనిపిస్తుంది.

కొన్ని రకాల కేస్‌లలో ఫ్లాష్ హోల్ చిన్నది. మామూలు రంధ్రం సుమారు 2 మి.మీ. ఉంటే వీటిలో 1.5 మి.మీ. మాత్రమే. చిన్న ప్రైమర్ వాడే 6.5 క్రీడ్‌మోర్ బ్రాస్‌లో ఇది ఎదురవుతుంది. మామూలు పిన్ అందులో బిగుసుకుపోతుంది లేదా వంగుతుంది. సన్నటి పిన్ మార్చుకోండి.

కాలని ప్రైమర్ ఉన్న కేస్ కనిపిస్తే డీక్యాప్ చేయొద్దు, వేరే పెట్టేయండి.

శుభ్రం చేయడానికి ఏ పద్ధతైనా ఫర్వాలేదు. మొక్కజొన్న కండె పొడితో పొడి టంబ్లింగ్ చేస్తే నెక్ లోపల సన్నటి కార్బన్ పొర మిగులుతుంది. అది మంచిదే, బుల్లెట్ ఒకే తీరున దిగడానికి సాయపడుతుంది. స్టీల్ పిన్‌లు, నీళ్లతో చేస్తే తళతళ మెరుస్తుంది కానీ నెక్ లోపల మరీ పొడిబారి బుల్లెట్ పట్టేస్తుంది. గంటల తరబడి తిప్పితే కేస్ నోళ్లు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు మొద్దుబారతాయి. అలా చేసేవాళ్లు సమయం తగ్గించండి, చివర్లో నెక్ లోపల గ్రాఫైట్ పొడి వాడండి. మెరుపు వల్ల గ్రూప్ చిన్నదవదు.

అమ్మోనియా ఉన్న క్లీనర్లు మాత్రం వద్దు. అమ్మోనియా ఇత్తడిని లోలోపల బలహీనపరిచి పగుళ్లు తెప్పిస్తుంది.

బాగా ఆరాక, సైజింగ్ చేయకముందే, కంపారేటర్‌తో అయిదారు కేస్‌ల షోల్డర్ కొలిచి రాసుకోండి. మీ రైఫిల్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) పొడవు గురించి మీకున్న ఆధారం ఇదే. సైజింగ్ అయ్యాక ఈ కొలత మళ్లీ దొరకదు. కొత్త బ్రాస్ ఒక్కసారి కాల్చగానే ఛాంబర్ నిండా సాగదు, రెండు మూడుసార్లు కాల్చాక వచ్చే కొలతను నమ్మండి. ప్రైమర్ ఉబ్బి బయటికి పొడుచుకొచ్చి ఉంటే రీడింగ్ తప్పుతుంది, అందుకే డీక్యాపింగ్ ముందు.

## 5. అనీలింగ్

గట్టిపడిన నెక్‌ని, షోల్డర్‌ని వేడిచేసి మళ్లీ మెత్తబరచడం ఇది. సైజింగ్‌కి ముందే చేయాలి. తర్వాత చేస్తే అప్పటికే కుదిర్చిన నెక్ కొలత, షోల్డర్ కొలత కదులుతాయి.

ప్రతి ఫైరింగ్ తర్వాత చేస్తారా, మూడింటికోసారి చేస్తారా అన్నది మీ ఇష్టం. ఆ లాట్ మొత్తానికి ఒకేసారి చేయండి, అంతే. సగం కేస్‌లకు చేసి సగం వదిలేయడం కంటే అసలు చేయకపోవడమే నయం.

మంటను నెక్, షోల్డర్ కలిసే చోట పెట్టి కేస్‌ని తిప్పుతూ ఉండాలి. కొన్ని సెకన్ల పనే. ఉష్ణోగ్రత చూపే రంగు ద్రవాన్ని నెక్ లోపల పూస్తారు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారే రకాన్ని చాలామంది వాడతారు. చీకటి గదిలో పరిమితి తెలుస్తుంది. నెక్ ఎర్రగా మెరిసిందంటే ఎక్కువైనట్టే.

హెడ్ మాత్రం వేడెక్కకూడదు. ఇందులో ఎలాంటి సడలింపూ లేదు. ప్రెషర్ మొత్తం మోసేది హెడ్. అది మెత్తబడితే ఆ కేస్ ప్రమాదం, దాన్ని మళ్లీ గట్టిపరిచే దారి లేదు. నీళ్లలో వేసి చల్లార్చినా, గాలికి వదిలినా ఇత్తడి మెత్తదనంలో తేడా ఉండదు. నీళ్లు వేడిని కిందికి పాకకుండా ఆపుతాయి, అంతవరకే. వేస్తే తర్వాత పూర్తిగా ఆరబెట్టండి.

ప్రైమర్ ఉన్న కేస్‌ని, నింపిన తూటాని మంట దగ్గరికి తేవద్దు. పౌడర్, ప్రైమర్ డబ్బాలు ఆ గదిలోనే ఉండకూడదు.

## 6. సైజింగ్: షోల్డర్‌ని ఎంత వెనక్కి నెట్టాలి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగునే శ్రద్ధగా చేస్తానంటే దీన్ని చేయమంటాను.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కాల్చిన కేస్ కొలత కంటే 1 నుంచి 2 థౌ వెనక్కి. సెమీ ఆటోమేటిక్‌కి 3 నుంచి 5 థౌ. అంతకన్నా ఎక్కువ నెడితే కాల్చిన ప్రతిసారీ కేస్ సాగి, మూడో విభాగంలో చెప్పిన గాడి త్వరగా వస్తుంది. తక్కువైతే బోల్ట్ బిగుతుగా మూసుకుంటుంది. బలవంతంగా మూసిన బోల్ట్‌తో గురి నిలవదు.

డైతో వచ్చిన కాగితంలో ‘షెల్ హోల్డర్‌కి తగిలాక ఇంకాస్త బిగించండి’ అని ఉంటుంది. ఆ పద్ధతి ఏ ఛాంబర్‌కైనా తూటా దిగడానికి పనికొస్తుంది. మీ ఛాంబర్‌కి సరిపడా ఉంచాలంటే ఇలా చేయండి:

ముందు లూబ్. లానోలిన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన స్ప్రే అయితే ఆల్కహాల్ ఆరిపోయేదాకా ఆగండి. బాడీకి సన్నటి పొర చాలు. షోల్డర్ మీద ఎక్కువైతే నూనె ఇరుక్కుని సొట్టలు పడతాయి. అసలు తక్కువైతే కేస్ డైలో ఇరుక్కుంటుంది, దాన్ని తీయడం పెద్ద పని.

డైని షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించి, ఒక చుట్టు వెనక్కి తిప్పండి. ఒక కేస్‌ని సైజ్ చేసి కొలవండి. ఆశ్చర్యంగా కొలత పెరిగి ఉండవచ్చు. బాడీ నలిగినప్పుడు ఇత్తడి ముందుకు జరిగి షోల్డర్‌ని పైకి నెడుతుంది, అందుకే అలా. డైని ఇంకా దించితే డైలోని షోల్డర్ తగిలి కొలత వెనక్కి రావడం మొదలవుతుంది.

మామూలు డై మర 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక పూర్తి చుట్టుకి 71 థౌ, ఎనిమిదో వంతు చుట్టుకే దాదాపు 9 థౌ. చివరి 2, 3 థౌ దగ్గర వేలితో కదిపీ కదపనట్టు తిప్పాలి. డై మీదా ప్రెస్ మీదా మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే ఎంత తిప్పారో కనిపిస్తుంది.

ఉదాహరణకి కాల్చిన కేస్‌లు మీ కంపారేటర్ మీద 1.632 చూపిస్తే, బోల్ట్ యాక్షన్‌కి 1.630 నుంచి 1.631 దగ్గర ఆగండి. ఈ అంకె మీ కంపారేటర్‌కి మాత్రమే వర్తిస్తుంది. ఇంకొకరి అంకెతో పోల్చకండి.

పిడిని పూర్తిగా దించాక మూడు నాలుగు సెకన్లు అలాగే పట్టుకోండి. ఇత్తడి వెనక్కి సాగడం తగ్గి కొలతలు దగ్గరదగ్గరగా వస్తాయి. మొదటి అయిదు కేస్‌లను కొలవండి, తర్వాత ప్రతి పదో కేస్‌ని. అనీల్ చేసిన లాట్‌కి పాత సెట్టింగ్ సరిపోదు, మెత్తటి ఇత్తడి ఎక్కువ వెనక్కి పోతుంది. మళ్లీ కొలిచి సర్దుకోవాలి.

సైజింగ్ అయ్యాక లూబ్ మొత్తం తుడిచేయండి. ఛాంబర్‌లో కేస్ గోడలు కొంత పట్టు పట్టాలి. నూనెతో ఉంటే ఆ భారమంతా బోల్ట్ మీద పడుతుంది.

## 7. ట్రిమ్మింగ్, అంచులు

ఎప్పుడూ సైజింగ్ తర్వాతే. సైజింగ్‌లోనే కేస్ పొడవు పెరుగుతుంది కాబట్టి ముందు కత్తిరిస్తే వృథా.

| కార్ట్రిడ్జ్ | గరిష్ఠ పొడవు (అంగుళాలు) | ట్రిమ్ చేయాల్సిన పొడవు |
|---|---|---|
| .223 రెమింగ్టన్ | 1.760 | 1.750 |
| 6.5 క్రీడ్‌మోర్ | 1.920 | 1.910 |
| .308 విన్‌చెస్టర్ | 2.015 | 2.005 |

గరిష్ఠం దాటిన కేస్ నోరు ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని నొక్కి పట్టుకుంటుంది. ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. పొడవు తక్కువైతే అంత ముప్పు లేదు, కానీ లాట్ అంతా ఒకే పొడవుండాలి.

తర్వాత లోపలి అంచు, బయటి అంచు చాంఫర్ చేయండి. బరువుతో నొక్కక్కర్లేదు, రెండు మూడు చుట్లు చాలు. కత్తిలా పదును తెస్తే నోరు బలహీనపడుతుంది. వేలికొనతో తడిమితే ముల్లు తగలకూడదు, బుల్లెట్ కూర్చునేటప్పుడు దాని మీద రాగి పొట్టు లేవకూడదు.

## 8. ప్రైమర్ పాకెట్, ఫ్లాష్ హోల్

పాకెట్ యూనిఫార్మింగ్, ఫ్లాష్ హోల్ డీబర్రింగ్ కేస్ జీవితంలో ఒక్కసారే. తర్వాత ప్రతిసారీ పాకెట్‌లో మసి గీకేస్తే సరిపోతుంది.

చాలా కేస్‌లలో ఫ్లాష్ హోల్‌ని గుద్ది చేస్తారు, దాంతో లోపలి వైపు ముల్లు మిగులుతుంది. మంట ఒక పక్కకు పోకుండా దాన్ని తీసేస్తాం. ఇక్కడా వరుసే ముఖ్యం. చాలా డీబర్ టూల్‌లు కేస్ నోటికి ఆనుకుని లోతు నిర్ణయించుకుంటాయి. కేస్‌లు ట్రిమ్ కాకపోతే ఒక్కో దాంట్లో ఒక్కో లోతున కోస్తాయి. అందుకే ట్రిమ్మింగ్ తర్వాత. డ్రిల్ చేసిన ఫ్లాష్ హోల్ ఉన్న ఖరీదైన బ్రాస్‌కి ఇది అవసరం లేదు.

సైనిక బ్రాస్‌లో ప్రైమర్ చుట్టూ క్రింప్ (ప్రైమర్ కదలకుండా నొక్కిన అంచు) ఉంటుంది. దాన్ని స్వేజ్ చేసి (నొక్కి) లేదా రీమ్ చేసి (కోసి) తీయకపోతే కొత్త ప్రైమర్ నలుగుతుంది. రీమర్‌తో అతిగా కోయకండి. వదులైన పాకెట్‌కి మందు లేదు.

పెద్ద రైఫిల్ ప్రైమర్ పాకెట్ లోతు 0.125 నుంచి 0.132 అంగుళాల మధ్య ఉండాలి, చిన్నదానికి 0.117 నుంచి 0.123.

## 9. నెక్: మందం, పట్టు

బుల్లెట్‌ని చివరిదాకా పట్టుకుని వదిలేది నెక్. దాని పట్టు ఒక్కో కేస్‌కి ఒక్కో తీరుగా ఉంటే బుల్లెట్ వదిలే క్షణం మారుతుంది, వేగం మారుతుంది.

లెక్క ఇలా. బుల్లెట్ వ్యాసం 0.308, నెక్ గోడ మందం 0.0135 అనుకోండి. రెండు వైపుల గోడలు కలిపి 0.027. నింపిన తూటా నెక్ బయటి కొలత 0.335 అవుతుంది. 2 లేదా 3 థౌ తక్కువ బుషింగ్, అంటే 0.333 లేదా 0.332, తో మొదలుపెట్టండి. నింపిన తూటాని నేరుగా కొలిచి తీసుకుంటే ఇంకా మంచిది. మ్యాగజీన్ నుంచి ఎక్కే రైఫిల్‌కి, సెమీ ఆటోకి కాస్త గట్టి పట్టు ఉంచండి.

డై లోపలి ఎక్స్‌పాండర్ బాల్ (నెక్ లోపలిని వెడల్పు చేసే గుండు) నెక్‌ని వెనక్కి లాగుతూ వంకర చేయవచ్చు, షోల్డర్‌ని కూడా కదిలించవచ్చు. దాన్ని తీసేసి, విడిగా మాండ్రెల్‌ని పై నుంచి నెక్‌లోకి దించితే గోడ మందంలోని తేడా బయటికి నెట్టబడి లోపలి వ్యాసం ఒకేలా ఉంటుంది. బుషింగ్ తర్వాత మాండ్రెల్ వాడే పద్ధతే నాకు ఎక్కువ నమ్మకం.

మందం కొలవాలంటే బాల్ మైక్రోమీటర్‌తో ఒక్కో నెక్‌ని నాలుగు చోట్ల కొలవండి. ఎక్కువకీ తక్కువకీ తేడా 1 థౌ లోపుంటే మొదటి గుంపు. 1 నుంచి 2 థౌ రెండో గుంపు. 2 థౌ దాటినవి ప్రాక్టీసుకి. నెక్ ఒక వైపు మందంగా ఉందంటే చాలాసార్లు ఆ వైపు కేస్ గోడ మొత్తం మందంగానే ఉంటుంది. నన్నడిగితే ఈ వేరుచేత బరువు వేరుచేత కంటే ఎక్కువ చెబుతుంది.

నెక్ టర్నింగ్ జోలికి అందరూ పోనక్కర్లేదు. ఫ్యాక్టరీ ఛాంబర్‌లో నెక్ చోటు వదులుగానే ఉంటుంది. అందులో గోడని ఇంకా పలచన చేస్తే ప్రతి ఫైరింగ్‌కీ నెక్ ఎక్కువ సాగి, ఎక్కువ నలిగి త్వరగా చీలుతుంది. చేయాలనుకుంటే ఎత్తైన చోట్లు తగిలేంత మాత్రమే కోసి, మిగతాది ముట్టకుండా వదిలేయండి. చివరి సైజింగ్‌కి ముందే చేయాలి.

## 10. ఇప్పుడు తూకం

బరువు తూయడం ఎందుకు? లోపలి చోటు ఎంతో అంచనాకి. ఇత్తడి సాంద్రత నీటికి సుమారు 8.5 రెట్లు. బయటి కొలతలన్నీ ఒకటే అనుకుంటే, 8.5 గ్రెయిన్‌ల ఇత్తడి తేడాకి లోపల 1 గ్రెయిన్ నీటి చోటు మారుతుంది. అంటే 1 గ్రెయిన్ బరువు తేడాకి ఆందోళన పడక్కర్లేదు.

‘బయటి కొలతలన్నీ ఒకటే అనుకుంటే’ అన్నదే అసలు చిక్కు. ట్రిమ్ కాని కేస్‌లో పొడవు తేడా ఉంటుంది. పాకెట్‌లో మసి ఉంటుంది. ఎక్స్‌ట్రాక్టర్ గాడి (కేస్‌ని పట్టి లాగడానికి హెడ్ దగ్గర ఉండేది) లోతు మారినా బరువు మారుతుంది, లోపలి చోటు మాత్రం మారదు. కొత్త డబ్బా తెరవగానే తూయడం వల్ల ఉపయోగం తక్కువన్నది ఇందుకే.

అన్ని పనులూ అయ్యాక మొత్తం లాట్‌ని తూచి, బరువుల వరుసలో పేర్చండి. మధ్యలో పెద్ద గుంపు ఉంటుంది, రెండు చివర్లా కొన్ని విడిగా ఉంటాయి. ఆ చివరివాటిని తీసేస్తే చాలు. అర గ్రెయిన్‌కో డబ్బా పెట్టడం వృథా శ్రమ. 300 మీటర్ల లోపు కాల్చేవాళ్లు ఈ అడుగే మానేసి ఆ సమయం ఆరో విభాగానికి పెట్టొచ్చు.

లోపలి చోటు కచ్చితంగా తెలియాలంటే నీళ్లతో కొలవాలి. కాల్చి, ఇంకా సైజ్ చేయని, వాడిన ప్రైమర్ ఉన్న కేస్‌ని ఖాళీగా తూచి, నోటి దాకా నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేలా తట్టి, నీటి ఉపరితలం చదునుగా ఉండగా మళ్లీ తూయండి. తేడాయే లోపలి చోటు. లాట్‌కి పది కేస్‌లు చాలు, వాటిని డీక్యాపింగ్‌కి ముందే పక్కన పెట్టుకోండి. బరువుకీ చోటుకీ మీ లాట్‌లో నిజంగా సంబంధం ఉందో లేదో వీటితోనే తేలిపోతుంది.

## 11. తేడా వస్తే ఎక్కడ చూడాలి

సైజింగ్ చేసినా బోల్ట్ బిగుతు. షోల్డర్ మళ్లీ కొలవండి. అది సరిగ్గా ఉంటే కేస్ పొడవు చూడండి. అదీ సరిగ్గా ఉంటే హెడ్ దగ్గర బాడీ నలగలేదు, డై మీ ఛాంబర్‌కి సరిపోవడం లేదు.

ఒకే సెట్టింగ్‌లో షోల్డర్ కొలత 3, 4 థౌ ఊగుతోంది. ఫైరింగ్‌ల సంఖ్య కలిసిపోయి ఉంటుంది, లేదా లూబ్ ఒక్కో కేస్‌కి ఒక్కోలా పడుతోంది. అనీల్ చేసి, లూబ్ సమానంగా పూసి చూడండి.

బుల్లెట్ ఒకటి సులువుగా, ఒకటి బలంగా దిగుతోంది. నెక్ లోపల పొడిబారడం, అనీలింగ్ లేకపోవడం, మందం తేడా, ఈ వరుసలో చూడండి. నెక్, షోల్డర్ కలిసే చోట లోపల ఉంగరంలా ఉబ్బు ఉంటే లోతుగా కూర్చునే బుల్లెట్ అక్కడ పట్టేస్తుంది.

ప్రైమర్ బొటనవేలికే దిగిపోతోంది. పాకెట్ వదులైంది. ఆ కేస్ పని అయిపోయింది. అదే లాట్‌లో నాలుగైదు అలా వస్తే మీ లోడ్ ప్రెషర్ ఎక్కువగా ఉందేమో మాన్యువల్ తీసి చూడండి.

రనౌట్ (తిప్పి చూస్తే కనిపించే వంకర) ఎక్కువ. నింపిన తూటాని కాదు, ముందు ఖాళీ కేస్ నెక్‌ని కొలవండి. కాల్చిన కేస్ నేరుగా ఉండి సైజ్ చేసినది వంకరగా ఉంటే దోషం డైది లేదా ఎక్స్‌పాండర్‌ది. సైజ్ చేసినదీ నేరుగా ఉంటే సీటింగ్ డై (బుల్లెట్‌ని కూర్చోబెట్టేది) వైపు వెళ్లండి.

## 12. డబ్బా మీద రాయాల్సినవి

- కంపెనీ, లాట్, కొన్న నెల
- ఏ రైఫిల్‌లో కాల్చారు (ఇంకో రైఫిల్ ఛాంబర్ పొడవు వేరు)
- ఎన్నో ఫైరింగ్
- చివరిసారి అనీలింగ్ ఎప్పుడు
- కాల్చిన కొలత, సైజ్ చేసిన కొలత
- ట్రిమ్ పొడవు
- బుషింగ్, మాండ్రెల్ సైజు
- ఎన్ని కేస్‌లు తీసేశారు, ఎందుకు

చివరి గడి వదలకండి. ఒక లాట్‌లో నెక్ చీలికలు వరుసగా రెండు ఫైరింగ్‌లలో కనిపిస్తే అనీలింగ్ ఆలస్యమైనట్టు. లోపలి గాడులు కనిపిస్తే షోల్డర్ ఎక్కువ నెడుతున్నట్టు.

ప్రైమర్ పెట్టే ముందు ప్రతి కేస్‌నీ వెలుతురుకి ఎత్తి ఫ్లాష్ హోల్ లోంచి చూడండి. మొక్కజొన్న కండె ముక్కో, రెండు స్టీల్ పిన్‌లు జోడీగానో అందులో ఇరుక్కుని ఉంటాయి. కేస్‌ని బోర్లించి బల్ల మీద తట్టండి. పిన్ ఒక్కటి రాలినా ఆ డబ్బాలో మిగతా కేస్‌లన్నీ మళ్లీ తట్టి చూశాకే ప్రైమింగ్‌కి వెళ్లండి.